మునుంలో చోటు

మిరపకాయ కోతలో ఎలీసమ్మని దాటిన మనిషి గుంటూరు నుంచి సింగరాయకొండ దాకా ఇంకా పుట్టలేదు. ఆవిడ సాల్లో దిగిందంటే వెనకాల చెట్లు పచ్చగా మిగిలిపోయేవి, ముందున్న చెట్లు ఆవిణ్ణి చూసి జడుసుకుని పండుకాయలు తమంతట తామే రాల్చేసేవి. ఒక ఏడు ఆవిడ చేతుల విసురుకి గాలి లేచి, పక్క చేలో పగిలిన పత్తంతా ఎగిరి కాలవ అవతల ఆగి ఉన్న బండ్లో పడిందనీ, ఆ రైతుకి తీత కూలి మొత్తం మిగిలిందనీ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో నేనే మొదటివాణ్ణనుకోండి. నమ్మకపోతే మానెయ్యండి, పత్తి మాత్రం బండ్లోనే పడింది.

అంతటి ఎలీసమ్మని ఆ పొద్దున ట్రాక్టరు ట్రక్కులోంచి దించేశారు.

రెండువేల మూడు, ఫిబ్రవరి నెల. రెండో కోత ముమ్మరంగా సాగుతోంది. పల్లెలో చర్చి పక్కన కుళాయి దగ్గర ట్రాక్టరు ఆగి ఉంది. ట్రక్కు నిండా ఆడవాళ్ళు. తలలకి గుడ్డలు, చీరల మీద మగవాళ్ళ పాత పొడుగుచేతుల చొక్కాలు. మిరప ఘాటు ఒంటికి తగలకుండా మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నారు. ఎలీసమ్మ అందరికంటే ముందొచ్చి ఒక మూల ఖైరున్నీసా పక్కన సర్దుకు కూర్చుంది. ఆవిడ ఒంటిమీద చనిపోయిన మొగుడు ఇమ్మానియేలు చొక్కా ఉంది. ఒళ్ళో గుడ్డలో చుట్టిన అన్నం గిన్నె ఉంది.

ముఠా మేస్త్రి బుల్లయ్య తలలు చూసుకుంటూ వచ్చి ఆవిడ దగ్గర ఆగాడు.

"పెద్దమ్మా, నువ్వు దిగు."

"ఎందుకురా, నా బరువుకి టైరేమన్నా దిగబడిందా?"

ట్రక్కులో ఆడవాళ్ళు నవ్వారు. బుల్లయ్య నవ్వలేదు.

"ఎగతాళి కాదు పెద్దమ్మా. సారు నిన్న బడి కాడ నన్ను నిలబెట్టి మరీ చెప్పాడు. మా అమ్మని ఇంకొక్కసారి కూలికి తీసుకెళ్ళావంటే మర్యాద దక్కదన్నాడు. మా పిల్ల ఆయన దగ్గరే పదో తరగతి చదువుతంది. నా పిల్ల చదువు చెడగొట్టమాక."

"మీ పిల్ల చదువుకీ నా కూలికీ ఏం సంబంధంరా?"

"నాకేం తెలుసు? సారుని అడుగు. దిగు, పొద్దెక్కిపోతంది."

ఆ సారు ఎవరో కాదు, ఎలీసమ్మ కన్నకొడుకు శ్యామ్ సుందర్. పక్కూరి హైస్కూల్లో లెక్కల మాస్టరు.

ఖైరున్నీసా ఎలీసమ్మ చొక్కా అంచు పట్టుకుంది. "నువ్వు లేవమాక అక్కా, నే మాట్లాడతా."

"ఏందే మాట్లాడేది?" అన్నాడు బుల్లయ్య. "నువ్వు కూడా దిగుతావా ఏంది?"

ఖైరున్నీసాకి మొగుడు లేడు. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలున్నారు. ఆ ఏడు కోత కూలి నలభై రూపాయలు, ఆమె ఇంట్లో పొయ్యి ఆ నలభైతోనే వెలుగుతుంది. చొక్కా అంచు పట్టుకున్న వేళ్ళు కాసేపు అలాగే ఉండి, తర్వాత మెల్లగా సడలాయి.

ఎలీసమ్మ ట్రక్కు అంచు పట్టుకుని, చక్రం మీద కాలు పెట్టి దిగింది. ట్రాక్టరు కదిలింది. పల్లెలో కుక్కలన్నీ దాని వెంట కాలవ వంతెన దాకా పరిగెత్తి, అక్కడ ఏం చెయ్యాలో తోచక తిరిగొచ్చాయి.

* * *

శ్యామ్ సుందర్ ఇల్లు పల్లెలో మొదటి స్లాబు ఇల్లు. పిస్తా రంగు వేయించాడు, వసారాకి గ్రిల్లు పెట్టించాడు. ఎలీసమ్మ వచ్చేసరికి అతను వసారాలో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"బుల్లయ్యకి నేనే చెప్పాను," అన్నాడు అద్దంలోకి చూస్తూనే. "మొన్న మా హెడ్మాస్టరుగారు బస్సులో పోతా నిన్ను చూశారంట. ట్రక్కులో, నాన్న చొక్కా తొడుక్కుని. 'మీ అమ్మగారు కూలికెళ్తారా శ్యామ్ సుందర్ గారూ' అని స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగారు. నా తల ఎక్కడ పెట్టుకోవాలమ్మా?"

"మెడ మీదే పెట్టుకోవాలిరా. ఆ మెడ నిలబడింది ఆ కూలితోనేగా."

"అదే, ఇప్పుడా అవసరం లేదంటున్నాను. రాణీలాగా కూర్చో. ఏం తక్కువ చేశాం నీకు?"

"కూర్చోడం నాకెవరూ నేర్పలేదు నాయనా."

"ఇప్పుడు నేర్చుకో." అతను నురగ తుడుచుకుని లోపలికెళ్ళాడు.

కోడలు హెప్సిబా చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో చెప్తుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ బయటికొచ్చి, "అత్తయ్యా, బాక్సు కిటికీలో పెట్టాను, పప్పన్నం," అంది. మాట మెత్తగానే ఉంది. కొడుకు స్కూటరు తీశాడు, కోడలు వెనక కూర్చుంది. పోతూ పోతూ గ్రిల్లుకి తాళం వేశారు. ఎలీసమ్మ తాళానికి బయట ఉంది. ఒకసారి ఆవిడ కుళాయి కట్టెయ్యడం మర్చిపోతే ట్యాంకు ఖాళీ అయింది. ఆనాటి నుంచి పగలంతా ఆవిడ బతుకు వసారా ముందున్న అరుగు మీదే.

తిండి పెట్టకపోతే ఆ కొడుకూ కోడలి ముఖాన ఊరు ఉమ్మేసేది. వాళ్ళు తిండి పెట్టారు. అందుకే ఊరు నోరెత్తలేదు.

* * *

పొద్దెక్కాక పల్లెలో మనిషి ఉండడు. చేయి ఆడేవాళ్ళంతా మిరప చేలకో పత్తి చేలకో పోతారు. నడవలేని ముసలివాళ్ళని సైతం కళ్ళం దగ్గర కాయలు తిరగేయడానికి తీసుకుపోతారు. తాళాలు కూడా వెయ్యరు, తలుపు దగ్గరగా లాగి తాడు కడతారు. తాళం ఉన్నది ఒక్క శ్యామ్ సుందర్ ఇంటికే.

ఎలీసమ్మ అరుగు మీద కూర్చుంది. ఎదురింటి గోడకి ఆనించిన పత్తికట్టె మోపులు ఎండకి చిటపటమన్నాయి. ఎవరో వచ్చారనుకుని లేచింది. ఎవరూ లేరు. ఒక కోడి పిల్లల్ని వెంటేసుకొచ్చి, బాక్సులో మిగిలిన మెతుకులు తిని, కుశలమైనా అడక్కుండా వెళ్ళిపోయింది. గాలి తూర్పు నుంచి వీచినప్పుడల్లా ఆవిడకి చేలో ఆడవాళ్ళ నవ్వు వినపడినట్టుండేది. మైలు దూరం, వినపడదు. కానీ మునుంలో ఎవరు ఏ వేళకి ఎవర్ని దెప్పుతారో, ఆ మాటకి ఎవరు ముందు నవ్వుతారో ఆవిడకి తెలుసు. అందుకని చెవి దాకా రాని నవ్వు కూడా ఆవిడకి వినపడేది. ఆవిడా ఇక్కడ అరుగు మీద ఒంటరిగా నవ్వేది, నవ్వి చుట్టూ చూసేది.

మునుం అంటే తెలియనివాళ్ళు ఉంటారు కాబట్టి చెప్తాను. కూలీలంతా మనిషికో సాలు చొప్పున పట్టి, ఒకే వరసలో నిలబడి, ఒకే వరసలో ముందుకి జరగడం. ఆ వరసే మునుం. వరస వంకరపోతే మేస్త్రి ఒప్పుకోడు. ఎవరన్నా వెనకబడితే పక్క సాలు మనిషి చెయ్యి చాపి, వాళ్ళ చెట్లు రెండు మూడు కోసిపెట్టి వరసలోకి లాక్కుంటుంది. నోటితో తిడుతుంది, చేత్తో కోసిపెడుతుంది.

ఇంతకీ మొదట్లో నేను ఎలీసమ్మని దాటినవాళ్ళు లేరన్నాను కదూ? అది ఒట్టి గొప్ప. ఎలీసమ్మని దాటనివాళ్ళే మా ఊళ్ళో లేరు. కొత్తగా పెళ్ళయి వచ్చిన పిల్లలు కూడా ఆవిణ్ణి దాటేసి గట్టు మీద కూర్చుని వెక్కిరించేవాళ్ళు. ఆవిడ కాయ మీద చెయ్యి వేసి, తిప్పి, తొడిమ ఊడకుండా, కొమ్మ విరక్కుండా, పిందె రాలకుండా కోసేది. ఒక పక్క కోత, ఇంకోపక్క కబుర్లు. సగం కాయలు కోసినవి, సగం కథలు చెప్పినవి. ముప్పై ఏళ్ళపాటు ఆవిడ సాలు పక్క ఎవరు పడితే వాళ్ళు ఆవిడ చెట్లు కోసిపెట్టారు. పదేళ్ళుగా ఆ పని ఖైరున్నీసాది. "నీకు కూలెందుకు అక్కా, సినిమా హాల్లో లాగా నీ దగ్గర మేమే టిక్కెట్టు కొనుక్కోవాలి," అనేది ఖైరున్నీసా. పత్తి ఎగిరి బండ్లో పడ్డ సంగతి కూడా ఎలీసమ్మ మునుంలో చెప్పిందే. నేను ఆవిడ పేరు పెట్టి మీకు చెప్పాను, అంతే.

అలాంటి మనిషికి పలకడానికి కోడి కూడా ఆగని అరుగు ఇచ్చారు.

వసారా ముందు హెప్సిబా కుండీల్లో క్రోటన్సు పెంచుతోంది. బారుగా ఒక వరస. ఆకులు సగం పచ్చవి, సగం ఎర్రవి. వాటిని పేటలో నర్సరీ నుంచి ఆటోలో తెప్పించుకుంది. పొద్దున్నే నీళ్ళు పోస్తూ వాటితో ముద్దుగా మాట్లాడుతుంది కూడా. ఆ మధ్యాహ్నం ఎలీసమ్మ కాళ్ళు తిమ్మిరెక్కి, అరుగు దిగి, ఆ మొక్కల పక్కన నిలబడింది. ట్రక్కులో చెప్పడానికి పొద్దున్నే అనుకున్న కబురొకటి మిగిలిపోయి ఉంది. అది మనసులో ఖైరున్నీసాకి చెప్పుకుంటోంది. కబురు బాగానే సాగింది. మధ్యలో మలుపు కూడా తిరిగింది. కబురు అయిపోయేసరికి ఆవిడ చివరి కుండీ దగ్గర ఉంది. చీర ఒడి బరువుగా ఉంది. కుమ్మరించడానికి కుప్ప ఎక్కడ పోశారా అని తలెత్తి చూసింది.

కుప్ప లేదు. ఒడి నిండా క్రోటన్సు ఆకులు, ఎర్రవన్నీ. వెనక్కి తిరిగితే మొక్కలు పచ్చగా, బోసిగా నిలబడి ఉన్నాయి. పచ్చాకు ఒక్కటి రాలలేదు.

* * *

సాయంత్రం హెప్సిబా స్కూటరు దిగి మొక్కల్ని చూసి, చేతిలో సంచి అక్కడే వదిలేసింది.

"చూశారా? చూశారా మీ అమ్మగారి పని? ఒక్క మొక్క మిగల్చలేదు! ఏమండీ, ఆవిడకి మతి పోతోందండీ. నేను ఎప్పట్నుంచో చెప్తున్నాను."

"మతి కాదమ్మాయ్, చెయ్యి," అంది ఎలీసమ్మ. "ఎరుపు కనపడితే ఊరుకోదు. మళ్ళీ చిగురిస్తాయిలే, కొమ్మ విరక్కుండానే కోశాను."

శ్యామ్ సుందర్‌కి ఒక్క క్షణం నవ్వొచ్చింది. చిన్నప్పుడు అతను ఆ మునుం వెనకాల గట్టు మీద చింకి దుప్పటిలో నిద్రపోయినవాడే. కానీ భార్య ముఖం చూసి నవ్వు మింగేశాడు.

"అమ్మా, ఇంటికి నలుగురూ వస్తుంటారు. ఇంటి ముందర నువ్వు ఇట్లాంటివి చేస్తే బాగుండదు. నీ మంచం వెనక్కి వేయిస్తాను. నీళ్ళ మోటారు పక్కన రేకు కప్పు ఉందిగా, నీడగా ఉంటుంది. వచ్చే వారం గుంటూరులో డాక్టరుకి చూపిద్దాం."

"డాక్టరుకి ఏమని చెప్తావురా? మా అమ్మ ఆకులు కోసిందని చెప్తావా, ఖాళీగా ఉందని చెప్తావా?"

అతను మంచం తలవైపు పట్టుకుని లాగాడు. మంచం కోళ్ళు నేలమీద ఈడ్చిన చప్పుడు వెనకదాకా వినపడింది.

మోటారు దగ్గర్నుంచి వీధి కనపడదు. ట్రాక్టరు వచ్చేదీ పోయేదీ కనపడదు. అరుగు మీద ఉన్నప్పుడు సాయంత్రం ట్రక్కు దిగినవాళ్ళలో ఒకరిద్దరన్నా "ఏం పెద్దమ్మా, తిన్నావా?" అని కేకేసి పోయేవాళ్ళు. ఇక్కడ అదీ లేదు. మోటారు తిరిగినప్పుడు చప్పుడు, ఆగినప్పుడు నిశ్శబ్దం.

మంచం కిందున్న నేల ఎలీసమ్మదే. ఆ స్థలం, ఊరికి తూర్పున ఎకరం పావు చేను, రెండూ ఒకప్పుడు ఆవిడవే. చేను సర్కారు వాళ్ళు ఇచ్చిన పట్టా. ఇచ్చిననాడు అందులో ఉన్నవి తుమ్మ మొద్దులూ రాళ్ళూ. మొగుడూ పెళ్ళాం పగలు ఒకళ్ళ చేలో కూలి చేసి, పొద్దు వాలాక ఆ మొద్దులు తవ్వారు. ఆ నల్లరేగడి మిరపకి పనికొచ్చేసరికి ఇమ్మానియేలు నడుం వంగిపోయింది. అతను పోయాక శ్యామ్ సుందర్, "స్థలం నా పేరున ఉంటేనే బ్యాంకువాళ్ళు ఇంటికి అప్పిస్తారమ్మా. చేను కూడా ఆ ఊపులోనే మార్చేద్దాం, మళ్ళీ ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు?" అన్నాడు. ఎలీసమ్మ పొంగిపోయింది. వేలిముద్ర వేసి, ఆ సిరా తుడుచుకోకుండా, ఆ వేలు బజారు బజారంతా చూపించుకుంటూ వచ్చింది, మావాడు ఇల్లు కడుతున్నాడని. కొడుకు చేను యలమందయ్యకి కౌలుకిచ్చాడు. కౌలు డబ్బు ఇంటి వాయిదాలకి పోతుంది. కూతురు మహిమని ఒక మాట అడగాలని ఎవరికీ తోచలేదు. తల్లికి కూడా.

అందుకే ఆ వారంలో ఎలీసమ్మ రొంటిన దాచుకున్న పాత కూలి డబ్బుతో బస్సెక్కి చీరాల వెళ్ళినప్పుడు, మహిమ తల్లిని చూసి సంబరపడలేదు. మహిమ మొగుడు మరమగ్గాల షెడ్డులో పని చేస్తాడు. షెడ్డు వెనక ఒకటే గది. మగ్గాల మోతకి గిన్నెలు కూడా వణుకుతుంటాయి.

"అంతా అన్నకే ఇచ్చావుగా, అన్న దగ్గరే ఉండు," అంది మహిమ, మోత మీదుగా గట్టిగా. "చేను రాసేప్పుడు గుర్తు రాని మహిమ, మంచం వెనక్కి నెట్టేశాక గుర్తొచ్చిందా?"

"గట్టిగా చెప్పమ్మా, వినపడలేదు," అంది ఎలీసమ్మ. వినపడింది.

మహిమ ఇంకోసారి చెప్పలేదు. టీ ఇచ్చింది. బస్సు దాకా వచ్చి, కిటికీలోంచి టిక్కెట్టు డబ్బులు చేతిలో పెట్టింది. బస్సు కదిలేటప్పుడు కళ్ళు తుడుచుకుంది గానీ, "ఉండవే" అనలేదు. దాని మాటలో న్యాయం ఉంది. దారిపొడుగునా ఎలీసమ్మని నొప్పించింది ఆ న్యాయమే.

* * *

ఒక శుక్రవారం సాయంత్రం ఖైరున్నీసా వెనక గోడ మీదుగా తల పెట్టింది. చేతులు ఎర్రగా పొంగి ఉన్నాయి.

"అక్కా, చుక్క మజ్జిగ ఉందా? చేతులు భగభగమంటన్నాయి. మూడు రోజుల్నుంచీ ఒకటే కాయ."

ఎలీసమ్మ తన బాక్సులో మిగిల్చుకున్న మజ్జిగ గోడ మీదుగా ఆమె చేతుల్లో పోసింది. ఖైరున్నీసా చేతులు రుద్దుకుంది.

"ఆ రోజు నీ చొక్కా వదిలేశాను," అంది.

"వదలకపోతే చిరిగేదే. పాత గుడ్డ."

"నిష్ఠూరమాడు అక్కా, పడతాను."

"నిష్ఠూరం లేదు, ఏం లేదు. నీ పక్కసాలు ఎవరు పడతన్నారు?"

"ఎవరో చిన్నపిల్ల. మాట్లాడదు. నోట్లో నాలుక ఇంటి దగ్గర పెట్టొస్తదేమో. పొద్దస్తమానం కోత, కోత. నాకు చేతులకంటే చెవులు ఎక్కువ నొప్పిగా ఉన్నాయి." ఖైరున్నీసా గొంతు తగ్గించింది. "రేపు మీ చేలోకే. యలమందయ్యది. రెండో కోత."

"ఇంకా మా చేనేంటే? సారుగారిది."

ఇద్దరూ నవ్వారు. ఖైరున్నీసా వెళ్ళిపోయాక ఎలీసమ్మ చాలాసేపు గోడ దగ్గరే నిలబడింది. తర్వాత మంచం కింద మూటలోంచి ఇమ్మానియేలు చొక్కా తీసి, దులిపి, దిండు మీద పరిచింది.

మర్నాడు రెండో శనివారం. బళ్ళకి సెలవు. కొడుకూ కోడలూ ఇంకా నిద్రలో ఉన్నారు. ఎలీసమ్మ పెరటి గోడ తలుపు గొళ్ళెం తీసుకుని, కుళాయి దగ్గరికి పోకుండా, కాలవ కట్ట మీదుగా తూర్పుకి నడిచింది. ట్రాక్టరు వంతెన దాటి, ముఠా చేలో దిగేసరికి, తూర్పు వైపు చివరి సాలు దగ్గర ఆవిడ వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుంటూ నిలబడి ఉంది. మంచుకి తడిసిన మిరపచెట్లు మోకాళ్ళకి తగులుతున్నాయి. చెట్టు చెట్టుకీ పండుకాయ వేలాడుతోంది.

"పెద్దమ్మా!" బుల్లయ్య గొంతు కీచుగా వచ్చింది. "ఎందుకొచ్చావు? నా కొంప ముంచుతావా? బయటికి రా!"

"నేను నీ ట్రక్కు ఎక్కలేదుగా."

"ఎక్కకపోతే? మునుం నాది. నువ్వు సాల్లోంచి బయటికొస్తేగానీ మునుం కదలదు."

ఆడవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఖైరున్నీసా వరస మధ్యలో ఉన్న తన చోటు వదిలి, చెట్లు తప్పించుకుంటూ నడిచొచ్చి, ఎలీసమ్మ పక్కసాల్లో నిలబడింది. అక్కడ నిలబడ్డ వేరే పిల్లని "నువ్వు నా సాలుకి పో తల్లీ" అని పంపించింది.

"కదలదా బుల్లయ్యా? అయితే కదలదు," అని అక్కడే సాల్లో చతికిలబడింది.

ఆమె పక్కది కూర్చుంది. దాని పక్కది కూర్చుంది. కూర్చోకుండా మిగిలినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళూ ఒంటరిగా నిలబడటం బాగాలేక కూర్చున్నారు. చెట్ల మధ్య తలగుడ్డలు తప్ప ఏమీ కనపడకుండా పోయాయి. బుల్లయ్య ఒక్కడే నిలబడి ఎవరితో మాట్లాడాలో తెలియక చెట్లని తిట్టాడు.

యలమందయ్య మోటారు సైకిలు మీద వచ్చాడు. "ఏంట్రా బుల్లయ్యా, మనుషులేరి? ఎండెక్కితే కాయ మెత్తబడిపోద్ది, తెలీదూ?" సంగతి విన్నాడు. ఎలీసమ్మ వంక చూశాడు, చేను వంక చూశాడు. ఆయన ఎక్కువసేపు చూసింది చేను వంకే.

"సారుతో నేను మాట్లాడుకుంటాలే. ముందు కోయించు," అన్నాడు.

అది దయ కాదు, పండుకాయ. ఏదైతేనేం, మునుం లేచింది.

* * *

పొద్దు బారెడెక్కేసరికి ఎలీసమ్మ వెనకబడింది. ఖైరున్నీసా ఆవిడ చెట్లు రెండు కోసిపెట్టి, "ఏమీ మారలేదు నువ్వు," అని తిట్టింది. ఎలీసమ్మ మొదలుపెట్టిన కబురు అవతలి సాలు దాకా అందడం లేదని ఎవరో అరిచారు. గొంతు పెంచింది. ఆ రోజు ట్రక్కులో చెప్పకుండా మిగిలిపోయిన కబురే అది. కుక్కలు ట్రాక్టరు వెంట వంతెన దాకా వచ్చి, అక్కడ్నుంచి ఎందుకు తిరిగిపోతాయో చెప్తోంది.

అప్పుడే గట్టు మీద స్కూటరు ఆగింది.

శ్యామ్ సుందర్ ఇస్త్రీ చొక్కాతో, తల దువ్వుకోకుండా వచ్చాడు. గట్టు దిగలేదు. చేలో నీళ్ళు పెట్టి రెండు రోజులైంది, అడుగు పెడితే బూట్లకి నల్లరేగడి అంటుకుంటుంది.

"అమ్మా! ఇంటికి రా."

మునుం మాట ఆగిపోయింది. చేతులు ఆగలేదు.

"అమ్మా, నిన్నే. పదిమందిలో నన్ను నిలబెట్టమాక. రా, స్కూటరెక్కు. మంచం మళ్ళీ ముందరికి వేయిస్తాను. హెప్సిబాకి నేను చెప్తాలే. రా అమ్మా."

ఎలీసమ్మ నడుం నిఠారు చేసి నిలబడింది. ఒడిలో కాయలు సర్దుకుని, అందరికీ వినపడేట్టు అంది:

"చేను రాసిచ్చానురా నాయనా. చేతులు రాసివ్వలేదు."

ఆ మాట అన్నాక మునుంలో ఆడవాళ్ళు చాలాసేపు మాట్లాడలేదని, ఖైరున్నీసా పమిట నోట్లో కుక్కుకుందని, బుల్లయ్య గట్టు మీద తలగుడ్డ తీసి కూర్చున్నాడని మా ఊళ్ళో చెప్పుకుంటారు.

ఇందులో ఒక్కటి మాత్రం నేను కల్పించాను. ఒప్పుకుంటున్నాను. చేను, మునుం, క్రోటన్సు, మజ్జిగ, చీరాల బస్సు, అన్నీ ఉన్నవే. ఆ మాట ఒక్కటే లేదు. ఎలీసమ్మ అలాంటి మాట అనలేదు. జీవితమంతా మాటకి మాట అప్పజెప్పిన మనిషి, కొడుకు గట్టు మీద నిలబడి పిలిస్తే ఒక్క మాట కూడా అనలేదు. నడుం కూడా ఎత్తలేదు. ఆవిణ్ణి అట్లా మాట లేకుండా వదిలేయడానికి నాకు చెయ్యాడక, నా మాట ఆవిడ నోట్లో పెట్టాను.

అసలు జరిగింది ఇంతే. అతను ఇంకా పిలిచాడు. ఆవిడ ఒక చెట్టు కోయడం ముగించి తర్వాతి చెట్టు దగ్గరికి జరిగింది. అతను కాసేపు నిలబడి, స్కూటరు స్టాండు తీశాడు. బండి రెండు తన్నులకి గానీ అంటుకోలేదు. అది కాలవ కట్ట ఎక్కి, వంతెన మీదుగా ఊరివైపు తిరిగేదాకా ఆవిడ తల వంచుకునే ఉంది. తర్వాత తలెత్తి, చప్పుడు పూర్తిగా సన్నబడి ఆగిపోయేవరకు అటే చూసింది. మునుం నాలుగు చెట్లు ముందుకి పోయింది.

ఆ చూడటం మాత్రం నేను కల్పించలేదు.